మరల మరల వచ్చు తెల్లబట్ట

తెల్లబట్టను గూర్చి మన యిండ్లలో తల్లి కూతునకు జెప్పదు. కూతురు తల్లి నడుగదు. శుభ్రత చాలకనే యిది వచ్చెనని తమ్ము దామే నిందించుకొను స్త్రీలు పెక్కండ్రు గలరు. ఆ నింద తగదు.

యోనినుండి కొంత తెల్లని ద్రవ మూరుట సహజమే. దుర్వాసన, దురద, మంట కలిగినను, రంగు మారినను వ్యాధిని శంకింపవలయును.

1892వ సంవత్సరమున డోడర్లైన్ అను జర్మను వైద్యుడు యోనియందు నివసించు కడ్డీవంటి సూక్ష్మజీవులను వర్ణించెను. ఇవి శత్రువులు గావు, కావలివాండ్రు. పెరుగును పులియజేయు లాక్టిక్ ఆమ్లమునే యివియు బుట్టించి పరాయి క్రిములను పెరుగనీయవు. (అంతమాత్రమున పెరుగు పూసిన నయమగునని తలపరాదు.) శుభ్రతకొరకై సబ్బుతోను, మందునీళ్లతోను లోపల గడుగుకొనువారు ఈ కావలివాండ్రనే వెడలగొట్టుచున్నారు. వెలుపల నీటితో గడుగుకొనిన జాలును.

కావలి తగ్గినప్పుడు ఇతర సూక్ష్మజీవులు ప్రబలి, చేపకంపుగల పలుచని ద్రవము వెడలును. దీనికి మెట్రోనిడజోలు అను మందు గలదు. నయమగును, కాని యేడాదిలోపల సగముమందికి పైగా మరల వచ్చుచున్నది. ఏల? ఈ క్రిములు చెరువుమెట్ల పాచివలె యోనిగోడల నంటియుండును. మందు పైవానిని జంపును. అడుగున మిగిలినవి మరల పెరుగును. భర్త శరీరమందును ఇవి దాగియుండవచ్చును. 2025వ సంవత్సరమున వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనయందు భార్యకు మాత్రమే మందిచ్చినచో 12 వారములలో నూటికి 63 మందికి తిరుగబెట్టగా, ఇరువురకు నిచ్చినచో 35 మందికే తిరుగబెట్టెను. ఇంతకాలము స్త్రీనొక్కతెనే రోగిగా నెంచుట యెంత పొరపాటో చూడుడు.

ట్రైకోమోనాస్ అను ఏకకణజీవివలన వచ్చు వ్యాధియు నిట్టిదే. ఇది దాంపత్య సంపర్కముచే వ్యాపించును. పురుషునకు తరచుగా బాధయే తెలియదు. అతడు మందు పుచ్చుకొననియెడల భార్య కెన్నిసార్లు నయమైనను ఫలము లేదు.

విరిగిన పాలవంటి చిక్కని ద్రవము, విపరీతమైన దురద కాండిడా అను బూజుజాతివలన గలుగును. గర్భిణులకును, జ్వరాదులకు క్రిమినాశక మందులు మ్రింగినవారికిని, మధుమేహ రోగులకును ఇది యెక్కువ. సంవత్సరమున మూడుసార్లు వచ్చినచో రక్తమందలి చక్కెరను పరీక్షింప జేసికొనుట మంచిది. అట్టివారికి వైద్యులు వారమున కొకమారు చొప్పున ఆరునెలలు మందిచ్చుటయు గలదు.

పై మూడింటికిని ఒకే మందు పనిచేయదు. కావున పొరుగింటివారికి గుణమిచ్చిన మందునే కొని తెచ్చుకొనక, ద్రవమును సూక్ష్మదర్శినిలో బరీక్షింపు డని వైద్యురాలిని సంకోచింపక యడుగవలయును.