ముల్కీ, గైరుముల్కీ: ఒక చరిత్ర పాఠము

విద్యార్థులారా! దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పేటలలో ఏ తరగతిలోనైనను ఉపాధ్యాయుఁడు "మీ సొంత ఊరేది?" అని యడిగినచో నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, మహబూబునగరము, గుంటూరు, విజయవాడ, ఒంగోలు అని పలువిధములైన ప్రత్యుత్తరములు వచ్చును. "మాది ఈ పేటయే" అని చెప్పువారు కొలఁదిమంది మాత్రమే యుందురు. ఈ ప్రశ్న సాధారణముగా ప్రీతితోనే అడుగఁబడును. ఐనను మన చరిత్రలో ఇదే ప్రశ్న అనుమానముతోను, క్రోధముతోను అడుగఁబడిన కాలములు గలవు. ఆ కాలములను గూర్చి పెద్దలు పలువిధములుగా మాటలాడుచుందురు. బాలురు ఆ మాటలను సగము సగముగా విని తోఁటి బాలునిమీఁద ప్రయోగించుచుందురు. కావున జరిగినదానిని క్రమముగాఁ దెలిసికొనుట మేలని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

1. మన పేటలు

ఈ రెండు పేటలును హైదరాబాదు నగరమునకుఁ దూర్పుదిక్కున, విజయవాడకుఁ బోవు పెద్ద మార్గముపై నున్నవి. దిల్‌సుఖ్‌నగర్ దాఁటి చైతన్యపురి, కొత్తపేటల మీఁదుగా ఎల్.బి.నగర్ చేరుదుము. ఆ కూడలియొద్ద ఉప్పలునుండి వచ్చు వలయమార్గము ఈ మార్గమును ఖండించును. నాగార్జునసాగరపు మార్గమును అచటికి సమీపముననే యున్నది. కావున తూర్పు జిల్లాలనుండి బస్సులో వచ్చువారిలో అనేకులు నగరమున మొదట కాలు మోపునది యీ నేలమీఁదనే. చదువునకై వచ్చినవారు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో దిగి కోచింగు సెంటర్లకుఁ బోవుదురు. ఉద్యోగస్థులు వనస్థలిపురము మొదలగు చోట్ల ఇండ్లు కట్టుకొనిరి. వర్తకులు, మేస్త్రీలు, కూలివారు, మెస్సులు నడుపువారు వారి వెంట వచ్చిరి.

పేటల పేర్లనే చూడుఁడు. దిల్ అనునది పారసీకపదము. సుఖము, నగరము అనునవి సంస్కృతపదములు. రెండు భాషల మాటలు కలిసి ఒక తెలుగుబస్తీకి పేరైనవి. ఎల్.బి.నగర్ అనఁగా లాల్ బహదూర్ నగర్. కాశీకి సమీపమునఁగల మొగలుసరాయిలో 1904వ సంవత్సరమున జన్మించి, దేశమునకు రెండవ ప్రధానమంత్రియైన లాల్ బహదూర్ శాస్త్రి పేరది. స్థానికతను గూర్చి వాదించునపుడు మనము నిలిచియున్న నేల పేరే దూరమునుండి వచ్చినదని మఱవరాదు.

2. ముల్కీ యను మాట

ముల్క్ అనఁగా దేశము. దేశమునకుఁ జెందినవాఁడు ముల్కీ, కానివాఁడు గైరుముల్కీ. పందొమ్మిదవ శతాబ్దియందు మొదటి సాలార్జంగు దివానుగా నుండి పరిపాలనను సంస్కరించునపుడు ఉత్తరహిందూస్థానమునుండి విద్యావంతులను రప్పించి కొలువులందు నియమించెను. సంస్థానమున పుట్టి పెరిగినవారికి ఇది కష్టముగాఁ దోఁచెను. కావున ఈ వివాదము తెలుఁగువారికిని తెలుఁగువారికిని మధ్య పుట్టినది కాదని గ్రహింపవలెను. తొలినాళ్ల గైరుముల్కీ ఉత్తరదేశమునుండి వచ్చిన విద్యావంతుఁడు.

1919వ సంవత్సరమున నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వము ముల్కీ నిబంధనలను ఏర్పఱచెను. సంస్థానమున పుట్టనివాఁడు ముల్కీ యగుటకు పదునైదు సంవత్సరములు ఇచట స్థిరముగా నివసించి, తన పూర్వస్థలమునకు మరలిపోవు తలంపు విడిచితినని మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రము వ్రాసియీయవలెను. బయటివానికి తలుపు పూర్తిగా మూయఁబడలేదు. ఈ ఊరిని తన ఊరుగాఁ జేసికొన్నవాఁడు ఈ ఊరివాఁడే యగునని ఆ నిబంధనయందే యున్నది.

3. 1952వ సంవత్సరము

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమునఁ గలిసినపిమ్మట మద్రాసు మొదలగు రాష్ట్రములనుండి అనేక ఉద్యోగులు వచ్చిరి. ఇంగ్లీషు చదువు ముందుగా అందుకొన్న కోస్తావారికి కొలువులు సులభముగా లభించెను. ఉర్దూలో చదివిన స్థానికులు వెనుకఁబడిరి. అబద్ధపు ముల్కీపత్రములతో కొందఱు ఉద్యోగములు సంపాదించుచున్నారను ఫిర్యాదులు పుట్టెను. 1952లో వరంగల్లు విద్యార్థులు ఆందోళనము సాగింపఁగా అది రాజధానికి వ్యాపించెను. సెప్టెంబరు 3, 4 తేదీలలో హైదరాబాదునందు పోలీసులు జరిపిన కాల్పులలో పలువురు మరణించిరి. సిటీ కళాశాల పేరు నాఁటినుండి ఆ దుఃఖముతో ముడిపడియున్నది. జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి ఆ కాల్పులను గూర్చి విచారణ జరిపెను.

నాఁటి నినాదములలో "ఇడ్లీ సాంబారు గో బ్యాక్" అనునదియు నొకటి. నిబంధన ప్రకారము ఉద్యోగములు ఈయుఁడనుట ప్రభుత్వమును ఉద్దేశించిన న్యాయమైన కోరిక. ఇడ్లీ సాంబారును వెళ్లిపొమ్మనుట పొరుగువాని తిండిని ఉద్దేశించిన హేళన. రెండును ఒకే ఊరేగింపులో వినఁబడినను రెండును ఒకటి కావు. ఈ భేదమే మన పాఠమునకు మూలము.

4. కలయిక, కలహము, విభజన

1956 ఫిబ్రవరి 20న ఉభయప్రాంతముల నాయకులు ఢిల్లీలో పెద్దమనుష్యుల ఒప్పందము చేసికొనిరి. తెలంగాణమునందలి ఉద్యోగములలో నివాసనియమము పాటింపఁబడునని, ఆ ప్రాంతపు మిగులుధనము ఆ ప్రాంతమునకే వినియోగింపఁబడునని అందు మాట యిచ్చిరి. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవతరించెను. ఇచ్చిన మాట నిలువలేదను బాధ తెలంగాణమున పెరిగి 1969 జనవరిలో ఉద్యమమై రగిలెను. కాల్పులలో యువకులు అనేకులు ప్రాణములు కోల్పోయిరి. కళాశాలలు నెలల తరబడి మూఁతపడెను. కోస్తానుండి వచ్చిన ఉద్యోగుల కుటుంబములు కొన్ని భయపడి ఇండ్లు విడిచిపోయెను.

1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పఁగా, ఈ మాఱు కోస్తావారు తమ రాజధానిలోనే తాము పరాయివారమైతిమని జై ఆంధ్ర ఉద్యమము లేవఁదీసిరి. అచటను కాల్పులు జరిగెను; అచటను తల్లులు కుమారులను పోఁగొట్టుకొనిరి. 1973 జనవరిలో రాష్ట్రపతిపాలన వచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరులో షట్సూత్ర పథకము ప్రకటింపఁబడెను. దానిని అనుసరించి వచ్చిన 1975 నాఁటి రాష్ట్రపతి ఉత్తరువు స్థానికతకు కొత్త కొలత పెట్టెను. అర్హతపరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఏ ప్రాంతమున చదివిన విద్యార్థి ఆ ప్రాంతమునకు స్థానికుఁడు. తాత యెవరని కాక, ఎచట చదివితివని చట్టము ముందుగా అడిగెను. తరువాత నియమములు మాఱినను చదివినచోటికిఁ గల ప్రాధాన్యము పోలేదు. పాఠశాలవా రిచ్చు స్టడీ సర్టిఫికెట్టు విలువ ఇందుచేతనే కలిగినది.

2009 నవంబరు 29న మన ఎల్.బి.నగర్ కూడలియందే శ్రీకాంతాచారి యను యువకుఁడు తెలంగాణ రాష్ట్రమునకై తన్నుఁదాను నిప్పంటించుకొని, డిసెంబరు 3న మరణించెను. ఒక యువకుని ప్రాణము ఏ కోరికకైనను వెల కారాదని మేము నమ్ముదుము. ఆయన తల్లిదండ్రుల దుఃఖము ఆ కూడలి దాఁటువారందఱికిని జ్ఞాపకము రావలెను. 2014 జూన్ 2న తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమయ్యెను. హైదరాబాదు పది సంవత్సరములు ఉమ్మడి రాజధానిగా నుండి, 2024 జూన్ 2తో ఆ గడువును ముగిసెను. ఆ దినములలో మన పేటలందలి అనేక కుటుంబములు లోలోన భయపడినవి. ఐనను రాష్ట్రము మాత్రమే విభజింపఁబడెను. ఎవరును తమ ఇండ్లు ఖాళీ చేయవలసి రాలేదు. ఇది చిన్న విషయము కాదు. ఎంత గొప్ప విషయమో తెలియుటకు అన్యదేశముల వైపు చూడవలెను.

5. ఘనా, నైజీరియా

పశ్చిమ ఆఫ్రికాలో ఘనా, నైజీరియా యను దేశములు రెండు గలవు. రెండును ఇంగ్లీషువారి పాలననుండి విముక్తి పొందినవి. ఘనా 1957లోను, నైజీరియా 1960లోను. ఉభయప్రజలు తరములుగా ఒకరి దేశమున నొకరు వర్తకము, కూలిపని చేసికొనుచుండిరి. మన నగరమున ఆందోళనము సాగిన 1969వ సంవత్సరముననే, నవంబరు 18న, ఘనా ప్రధానమంత్రి కోఫీ బుసియా ప్రభుత్వము ఒక ఉత్తరువు నిచ్చెను. అనుమతిపత్రము లేని విదేశీయులు రెండు వారములలో దానిని సంపాదింపవలెను; లేదా దేశము విడువవలెను. లక్షలకొలఁది జనులు వెడలిపోయిరి. వారిలో నైజీరియనులే యెక్కువ. పిమ్మట ఘనా కోకో తోఁటలలో పనివారు కొఱవడిరి.

తరువాత కాలచక్రము తిరిగెను. నైజీరియాలో చమురు ధనము ప్రవహించునపుడు ఘనావారు అచటికిఁ బోయిరి. వారిలో ఉపాధ్యాయులు అనేకు లుండిరి. చమురు ధర పడిపోయి పనులు తగ్గఁగానే, 1983 జనవరి 17న నైజీరియా ప్రభుత్వము పత్రములు లేని విదేశీయులను రెండు వారములలో వెడలిపొమ్మనెను. సుమారు ఇరువది లక్షలమంది కదలిరి. వారిలో ఇంచుమించు పదిలక్షలు ఘనావారు. వారు సామాను మూటగట్టుకొన్న గళ్లసంచికి అచట "ఘనా మస్ట్ గో", అనఁగా ఘనావారు పోవలెను అని పేరు పడి నేఁటికిని నిలిచియున్నది. అట్టి సంచియే సంక్రాంతికి ఊరు పోవుటకై ఎల్.బి.నగర్‌లో బస్సుకొఱకు నిలిచియున్నవారి చేతులలోను మనకుఁ గానవచ్చును. మనవారు పండుగ ముగిసిన పిదప దానితో తిరిగి వత్తురు. ఘనావారి కట్టి భాగ్యము కలుగలేదు.

6. రంగూను

పరాయివాఁ డనిపించుకొనుట తెలుఁగువాఁడు ఎఱుఁగనిది కాదు. బర్మాలో తెలుఁగు కూలీలను, కోరంగి రేవు పేరుమీఁద, కోరంగీలని పిలిచెడివారు. 1930 మే నెలలో రంగూను ఓడరేవునందు తెలుఁగు కూలీలు సమ్మె చేయఁగా యజమానులు బర్మావారిని పనిలోఁ బెట్టుకొనిరి. సమ్మె పరిష్కారమైన పిమ్మట బర్మావారిని తీసివేసిరి. మే 26న ఇరువర్గములకును కలహము పుట్టి నగరమంతట వ్యాపించి, నూఱుమందికిఁ బైగా మరణించిరి. వారిలో తెలుఁగు కూలీలే యెక్కువ. దినకూలికై వచ్చిన తెలుఁగువాఁడు ఒకవైపు, పని దొరికి మరల పోఁగొట్టుకొన్న బర్మావాఁడు మఱియొకవైపు. ఇద్దఱును పేదవారే. కూలి నిర్ణయించినవారు ఆ వీథులలో లేరు.

7. విచారణ

ఈ చరిత్రలను సరిపోల్చినచో మూఁడు విషయములు తెలియుచున్నవి.

మొదటిది, కలహము కొఱఁతవలనఁ బుట్టును. చమురు ధర పడిననాఁడు, ఉద్యోగములు తగ్గిననాఁడు అన్యుఁడు అధికుఁడుగాఁ దోఁచును. పనులు సమృద్ధిగా నున్ననాఁడు అతనిని పిలిచి తెచ్చుకొన్నవారే పిదప పొమ్మందురు.

రెండవది, ఇచ్చిన మాట తప్పుట. 1919 నిబంధన, 1956 ఒప్పందము సక్రమముగా అమలుజరిగియుండినచో వీథులలో ఇంత రక్తము పాఱియుండదు. బలహీనునికి రక్షణ కావలెననుట ద్వేషము కాదు. అతని ఫిర్యాదును వినక పరిహసించినవారును ద్వేషమునకు కారకులే.

మూఁడవది, భాషను హేళన చేయుట. కోస్తావారిలో కొందఱు తెలంగాణపు మాటతీరును చూచి నవ్విరి. ఉద్యోగము పోయిన బాధ కొన్నాళ్లకు చల్లాఱును; తల్లి నేర్పిన మాటను చూచి ఒకఁడు నవ్విన నవ్వు తరములు నిలుచును. తెలంగాణమున కవులు లేరను నిందకు సురవరము ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, 354 మంది కవులను చూపి సమాధానమిచ్చెను. నిందించినవానిని కొట్టలేదు, నిందను అంగీకరింపనులేదు.

8. మనము చేయఁదగినది

పేదరికమును, కొలువుల కొఱఁతను పాఠశాల తీర్పఁజాలదు. ఐనను మూఁడవ కారణము మన చేతిలోనిదే. ఒకఁడు "గీడ" అనును, ఒకఁడు "ఇక్కడ" అనును. ఒకని యింట సకినాలు, ఒకని యింట అరిసెలు పండుగకు చేయుదురు. ఎవరి మాటయు తప్పు కాదు, ఎవరి వంటయు నవ్వఁదగినది కాదు. "సెట్లర్" అను మాటను తిట్టుగా వాడరాదు. ఈ ఊర చదివి, ఈ ఊర పన్ను కట్టి, ఈ ఊర మట్టిలో తమ పెద్దలను కలిపినవారు ఎన్నాళ్లు వచ్చినవారుగా నుందురు? అట్లే, ఇచట ముందునుండి యున్నవాఁడు తన భూమిని, తన అవకాశమును గూర్చి మాటలాడునపుడు వచ్చినవాఁడు ఓపికతో వినవలెను. ఆతిథ్యము పొందినవానికిని ధర్మములు గలవు.

తల్లిదండ్రులకు ఒక మనవి. 1969ని, 1972ని, 2009ని గూర్చి పిల్లలకు చెప్పుఁడు, దాఁచవలదు. చెప్పునపుడు మన వైపు మరణించినవారిని మాత్రమే కాక, ఆవలి వైపు మరణించినవారిని గూడ లెక్కింపుఁడు. లెక్క పూర్తియైననాఁడే చరిత్ర పాఠమగును.

అభ్యాసము

(1) 1919 నాఁటి నిబంధన ప్రకారము బయటివాఁడు ముల్కీ యగుటకు చేయవలసినవి యేవి? (2) 1975 నాఁటి ఉత్తరువు కొలత దానికంటె ఎట్లు భిన్నము? (3) ప్రభుత్వమును ఉద్దేశించిన కోరికకును, పొరుగువానిని ఉద్దేశించిన ద్వేషమునకును గల భేదమును రెండు ఉదాహరణములతో వ్రాయుము. (4) మీ కుటుంబము ఈ పేటకు ఏ సంవత్సరమున, ఏ మార్గమున, ఏ పనికై వచ్చెనో పెద్దల నడిగి ఒక పుట వ్రాయుము. దానిని వేఱొక జిల్లానుండి వచ్చిన సహాధ్యాయునికి చదివి వినిపింపుము.