హన్నా కుట్టిన చిన్న అంగీ

పాఠ్యభాగము: 1 సమూయేలు 2:18-21

హన్నా తన కుమారుని షిలోహులోని మందిరమునకు అప్పగించిన సంగతి మన సంఘములలో ఎరుగనివారు అరుదు. 19వ వచనమును మాత్రము మనము త్వరగా దాటిపోవుదుము. ఆమె ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తీసికొని వెళ్లుచుండెను. పిల్లవాడు దూరమున పెరుగుచున్నాడు. ఈ ఏడు ఎంత పొడుగైనాడో, భుజములు ఎంత వెడల్పైనవో ఆ తల్లి ఇంటివద్దనే తలపోసి కొలత వేయవలసి యుండెను. బిడ్డను ఏలీ చేతికి ఇచ్చితిని, ఇక నా పని తీరినదని ఆమె ఊరకుండలేదు.

మనమైతే జూన్ నెలలో పిల్లలను బడిలో వేసి, ఇక భారమంతయు పంతులుగారిదే అనుకొందుము. వారు ప్రతి సాయంకాలము ఇంటికే వచ్చుచున్నను, ఏ పాఠము జరుగుచున్నదో మనకు తెలియదు. "మేము చదువురాని కూలివారము అయ్యగారూ, మాకేమి తెలియును?" అని తల్లులు మమ్మును అడుగుచుందురు. ఆ మాటను తేలికగా కొట్టివేయరాదు. అయినను దీపాలవేళ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పాఠము పైకి చదువుమని చెప్పుటకు అక్షరములు రానక్కరలేదు. తడబడుచున్నాడో, ధారాళముగా చదువుచున్నాడో వినెడి చెవికి తెలియును. ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొను బిడ్డ వాక్యము చివరకు వచ్చుసరికి మొదలు మరచిపోవును, అర్థము చిక్కదు. దినదినము చదువగా చదువగా ఆ పెనుగులాట తగ్గి, మనస్సు అర్థముమీద నిలుచును. పిమ్మట, "ఆ కథ నీ మాటలలో చెప్పు నాయనా" అని అడుగుడి. చెప్పలేకపోయిన తిట్టవద్దు, మరల చదివించుడి. (ఆ గంటసేపు టీవీ కట్టివేయుట పిల్లలకంటె పెద్దలకే కష్టమని మేమెరుగుదుము.)

ఇంతకంటె బరువైన సంగతి యొకటి కలదు. పత్తి తీతలు, మిరప కోతలు రాగానే తరగతులు పలుచబడును. కర్నూలు పడమటి మండలములనుండి గుంటూరు సీమకు కుటుంబములకు కుటుంబములే తరలి వెళ్లును. "పది దినములే గదా" అందురు. ఆ పది దినములలోనే బడిలో అప్పు తెచ్చి తీసివేయు లెక్క చెప్పివేయుదురు. అది రాని బిడ్డకు భాగహారము రాదు. భాగహారము రానివానికి భిన్నములు గోడవలె అడ్డము నిలుచును. ఆ మీదట "వీనికి చదువు అబ్బలేదు" అని మనమే తీర్పు చెప్పుదుము! ఆడపిల్లల సంగతి మరీ కఠినము. చంటివానిని చూచుకొనుటకు ఇంట ఆగిన పిల్ల తరచుగా మరల బడి ముఖము చూడదు. వలస తప్పనివారు బిడ్డను అవ్వతాతలయొద్దనో, ప్రభుత్వము అట్టి పిల్లలకై నడుపు సీజనల్ హాస్టలు ఉన్నచోట అందులోనో విడిచి వెళ్లుట మేలు.

నల్లబల్లమీది వ్రాతను తప్పుగా ఎక్కించుకొనువానిని మొద్దు అనకముందు కంటి పరీక్ష చేయించుడి.

2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల బిడ్డలకు ఉచిత విద్యను హక్కుగా చేసినది. సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెనని, సభ్యులలో సగముమంది స్త్రీలు కావలెనని అందులో వ్రాయబడినది. కాబట్టి తల్లులారా, బడి గుమ్మమువరకు వెళ్లి వెనుదిరుగవద్దు. లోపలికి వెళ్లి పంతులుగారిని అడుగుడి: మావాడు దినమును వచ్చుచున్నాడా? ఏ పాఠములో వెనుకబడినాడు? ఇంటివద్ద మేమేమి చేయవలెను? ఆయన చెప్పినది ఇంట చేయించుటకు ఎవరును లేనియెడల, ఇంటరు చదివిన మన యౌవనులను అడుగుడి. సాయంకాలము గుడి వరండా ఖాళీగానే యున్నది, దీపమును ఉన్నది.