1450తో ఐవీ లీగ్‌కి అప్లై చేయాలా?

అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్‌లో 1600కి 1450 వచ్చిందంటే పరీక్ష రాసినవాళ్లలో పై 5 శాతంలో ఉన్నట్టే. హైదరాబాద్‌లోనైనా, న్యూజెర్సీలోనైనా తెలుగువాళ్ల ఇంట్లో ఆ మాట చెప్పి చూడండి. "ఇంకోసారి రాస్తే పెరగదా?" అనేది మొదటి ప్రశ్న. "ఈ స్కోరుతో హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్‌లకి పెట్టడం దండగేనా?" అనేది రెండోది. ముందు రెండోదాని సంగతి చూద్దాం.

మనకి తెలిసిన అడ్మిషన్ ర్యాంకు లెక్క. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లలో అందని కాలేజీని మొదటి వరుసలో పెట్టినా పోయేదేమీ లేదు, సీటు రాకపోతే తర్వాతి ఆప్షన్ చూస్తారు. జోసా కౌన్సెలింగ్‌లోనూ అంతే. అమెరికాలో మాత్రం పేరున్న కాలేజీకి దరఖాస్తు పెట్టాలంటే చాలాచోట్ల 80, 90 డాలర్ల ఫీజు ఉంటుంది. దానికి తోడు ఆ కాలేజీ కోసమే విడిగా రాయాల్సిన వ్యాసాలు. గడువులు ఎక్కువగా జనవరి మొదటి వారంలో పడతాయి. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లకి జేఈఈ మెయిన్ మొదటి విడత కూడా ఆ నెలలోనే. అంటే అసలు ఖర్చు డాలర్లు కాదు, డిసెంబరు నెల. ఉచితంగా రాసుకునే వెబ్ ఆప్షన్ల దగ్గర "మనకెక్కడ వస్తుందిలే" అని వెనకాడే ఇళ్లే, ఇక్కడ మాత్రం ఎనిమిది ఐవీలకీ వరసబెట్టి కట్టేస్తాయి. ఇదేం లెక్కో నాకు అంతుపట్టదు.

మీ స్కోరు నిజంగా తక్కువో కాదో చెప్పాల్సింది పక్కింటివాళ్లు కాదు, కామన్ డేటా సెట్. చాలా కాలేజీలు ఏటా తమ వివరాలను ఆ పేరుతో బయటపెడతాయి. కాలేజీ పేరు, ఆ మాట కలిపి వెతికితే దొరుకుతుంది. అందులో సి9 అనే భాగంలో చేరినవాళ్ల 25వ, 75వ పర్సంటైల్ స్కోర్లు ఉంటాయి. అక్కడే, చేరినవాళ్లలో ఎంత శాతం మంది స్కోరు ఇచ్చారో కూడా ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా దాటేస్తారు. స్కోరు ఐచ్ఛికమైన కాలేజీకి బాగా వచ్చినవాళ్లే స్కోరు పంపుతారు కాబట్టి ఆ అంకెలు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తాయి. చేరినవాళ్లలో సగం మందే స్కోరు ఇచ్చి ఉంటే, ఆ 25వ పర్సంటైల్ అంకె మొత్తం తరగతిది కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 25వ పర్సంటైల్ కింద నాలుగో వంతు మంది ఉన్నారు కదా, నేనూ వాళ్లలో ఒకణ్ని కావచ్చు అనుకుంటాం. కానీ ఆ నాలుగో వంతులో కాలేజీ జట్టు కోసం కోచ్ ఎంచుకున్న ఆటగాళ్లు ఉంటారు, కొన్నిచోట్ల పూర్వ విద్యార్థుల పిల్లలుంటారు, ఎన్నో ఇబ్బందుల మధ్య చదువుకుని వచ్చినవాళ్లుంటారు. కార్పొరేట్ జూనియర్ కాలేజీలో రెండేళ్లు ఎంపీసీ తప్ప మరోటి చూడని కుర్రాడికి ఆ వరుసలో చోటు దొరకడం కష్టం.

తక్కువ వచ్చింది ఏ విభాగంలో అన్నది మరో సంగతి. ఎంఐటీ 2022లో మళ్లీ శాట్ లేదా అలాంటిదే అయిన ఏసీటీ స్కోరును తప్పనిసరి చేసింది. అక్కడ ఏ మేజర్ తీసుకున్నా రెండు సెమిస్టర్ల క్యాలిక్యులస్, రెండు సెమిస్టర్ల ఫిజిక్స్ చదివి తీరాలి. గణితం పునాది చూడటానికి పరీక్ష పనికొస్తుందన్నది వాళ్ల వాదన. కాబట్టి లెక్కల్లో 690 తెచ్చుకుని ఎంఐటీకి పెట్టడాన్ని నేను ప్రోత్సహించను. మన పిల్లల్లో తరచూ కనిపించేది దీనికి తిరగేసిన జోడీ: లెక్కల్లో 780, ఇంగ్లిష్‌లో 650. ఇంజినీరింగ్‌కి పెట్టేవాళ్లకి అది అంత ప్రాణాంతకం కాదు, వ్యాసాలు ఇంగ్లిష్ మీద పట్టు చూపిస్తే.

స్కోరు పంపాలా వద్దా అన్న ప్రశ్న అన్నిచోట్లా రాదు. కొవిడ్‌తో 2020లో చాలా కాలేజీలు స్కోరు తప్పనిసరి అనే నిబంధన ఎత్తేశాయి. డార్ట్‌మత్, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో మళ్లీ తప్పనిసరి అన్నాయి. కొలంబియా అప్పటికి ఐచ్ఛికంగానే ఉంచింది. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ సహా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు అసలు స్కోరే చూడవు. అయితే అక్కడ విదేశీ విద్యార్థికి ఆర్థిక సాయం దాదాపు సున్నా. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీ ఏడాదికి ఏది వర్తిస్తుందో కాలేజీ సైట్‌లోనే చూసుకోండి.

ఐచ్ఛికమైన చోట నేను చెప్పేది ఇంతే: స్కోరు వాళ్ల 25, 75 పర్సంటైల్ అంకెల మధ్య పడితే పంపండి, 25వ పర్సంటైల్ కంటే బాగా దిగువన ఉంటే ఆపండి. దీనికి మినహాయింపు ఉంది. డార్ట్‌మత్ 2024లో తన దరఖాస్తుల మీద చేయించిన అధ్యయనంలో, వెనుకబడిన నేపథ్యాల నుంచి వచ్చిన కొందరు 1400 పైచిలుకు స్కోర్లను తక్కువనుకుని దాచేశారని, పంపి ఉంటే అవి వాళ్లకి మేలు చేసేవని తేలింది. స్కోరును మీరు చదివిన బడి పక్కన పెట్టి చూస్తారు. గురుకులంలో చదివి 1400 తెచ్చుకున్న అమ్మాయి దాన్ని దాచుకోనక్కర్లేదు. అంతర్జాతీయ పాఠశాలలో చదివి, కోచింగ్ తీసుకుని 1400 తెచ్చుకున్నవాళ్లకి ఆ వెసులుబాటు లేదు.

ఇక డబ్బు. విదేశీయులకు కూడా సాయం అడిగారా లేదా అన్నది పట్టించుకోకుండా ఎంపిక చేసే కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ వంటివి. మిగతా చాలాచోట్ల అడిగే సాయం పెరిగేకొద్దీ అవకాశం తగ్గుతుంది, స్కోరూ తక్కువైతే దెబ్బ రెండింతలు. కామన్ డేటా సెట్‌లో హెచ్6 చూస్తే ఆ కాలేజీ ఎంతమంది విదేశీయులకి సగటున ఎంత ఇచ్చిందో తెలుస్తుంది. ఇంట్లో అప్పు చేయకుండా చదవాలంటే ఇదే స్కోరు 75వ పర్సంటైల్ పైన పడే కాలేజీలు వెతకండి. అలబామా విశ్వవిద్యాలయం లాంటివి మార్కులు, స్కోరు చూసి మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తాయి. మన దగ్గర ఆ పేర్లు ఎవరూ గొప్పగా చెప్పుకోరు, అది వేరే సంగతి.

అయితే పెట్టాలా వద్దా? దరఖాస్తులో స్కోరొక్కటే బలహీనంగా ఉండి, మిగతావి గట్టిగా ఉంటే పెట్టండి. గట్టిగా అంటే క్లబ్ అధ్యక్ష పదవి కాదు: ఒలింపియాడ్‌లో ఒక అంచె దాటడం, వేరేవాళ్లు వాడుతున్న ప్రోగ్రామ్ రాయడం, మిమ్మల్ని పేరుపెట్టి గుర్తుంచుకునే లెక్చరర్ రాసిన లేఖ. ప్రిన్సిపల్ అందరికీ ఇచ్చే ఒకే మూస ఉత్తరం దీని కిందికి రాదు. ఇవి ఉంటే అందని కాలేజీలు రెండు చాలు, మూడైతే ఎక్కువ. మిగిలిన సమయం అందేవాటి వ్యాసాలకి పెట్టండి.

ఇక మళ్లీ రాయడం. చాలా కాలేజీలు వేర్వేరు తేదీల్లో వచ్చిన విభాగాల్లో మెరుగైనవి కలిపి చూస్తాయి కాబట్టి, లెక్కల్లో 780 ఉన్నవాళ్లు ఇంగ్లిష్ మీదే కూర్చోవచ్చు. ఆ పని వేసవిలో మొదలుపెట్టి ఆగస్టు, అక్టోబరు పరీక్షలకి వెళ్లేవాళ్లకి ప్రయోజనం ఉంటుంది. నవంబరులో మొదలుపెట్టి డిసెంబరు పరీక్ష మీద ఆశ పెట్టుకునేవాళ్లు, ఆ నాలుగు వారాలు వ్యాసాలకి ఇచ్చుకోవడమే మంచిది.