ప్లగ్గులు మార్చాక ఇంజిన్ మిస్సింగ్ కొడితే

మొన్న సెలవుల్లో కోదాడలో మా ఇంటి ముందు, మా పాత పెట్రోలు కారుకి స్పార్క్ ప్లగ్గులు నేనే మార్చాను. రెండు వీడియోలు చూసిన ధైర్యం అంతే. నాన్న పక్కన టార్చ్ పట్టుకున్నారు. మర్నాడు పొద్దున నానమ్మని కంటి చెకప్‌కి సూర్యాపేట తీసుకెళ్లాలి. తెల్లారి స్టార్ట్ చేస్తే బండి మొత్తం వణికింది. హైవే ఎక్కేలోపే చెక్ ఇంజిన్ లైటు ఆరి వెలగడం మొదలైంది.

నాన్న వెంటనే మిర్యాలగూడలో ఉండే మా బాబాయ్‌కి ఫోన్ చేశారు. బాబాయ్ ఒక రైస్ మిల్లులో మోటార్లు, మిషన్లు చూసుకుంటారు. ఆయన అడిగింది ఒకటే: "లైటు ఊకె వెలుగుతుందా, ఆరి ఆరి వెలుగుతుందా?" ఆరి వెలుగుతోంది అనగానే, "ముందుకు పోకుండ్రి. మెల్లగ ఇంటికి తెచ్చి ఆపుండ్రి" అన్నారు. నాన్న, నానమ్మ ఆర్టీసీ బస్సెక్కి వెళ్లారు. నేను బండి దగ్గర మిగిలాను.

ఆ లైటు సంగతి ముందు తెలుసుకుందాం. సిలిండర్‌లో పెట్రోలు కాలకపోవడమే మిస్‌ఫైర్, మన మెకానిక్‌ల మాటలో మిస్సింగ్. కాలని పెట్రోలు, గాలి కలిసి సైలెన్సర్ వైపు పోయి, దారిలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండుతాయి. ఆ వేడికి లోపలి జల్లెడ కరిగిపోవచ్చు. దాని ఖర్చు ముందు ప్లగ్గుల ఖర్చు లెక్కలోకే రాదు. అందుకే లైటు నిలకడగా వెలిగితే తొందరగా చూపించుకోవాలి, ఆరి వెలిగితే బండి ఆపేయాలి.

మిస్సింగ్ అని కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? స్లోలో క్రాంక్ షాఫ్ట్ నిమిషానికి 800 సార్లు తిరుగుతోంది అనుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు రౌండ్లకి ఒకసారి పేలుతుంది, అంటే నిమిషానికి 400 సార్లు. ఒక్క సిలిండర్ పనిచేయకపోతే సెకనుకి ఆరేడు సార్లు తోపు తప్పుతుంది. మనకి తెలిసే వణుకు అదే. ఆ క్షణంలో క్రాంక్ వేగం కొంచెం తగ్గడాన్ని సెన్సార్ పట్టేస్తుంది. ఏ సిలిండర్ వంతు అప్పుడు వచ్చిందో కంప్యూటర్‌కి తెలుసు కాబట్టి దాని నంబర్‌తో కోడ్ రాసుకుంటుంది. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0304 అంటే నాలుగోది. పి0300 అంటే ఫలానా సిలిండర్ అని తేలలేదు, లేదా చాలా సిలిండర్లు తప్పుతున్నాయి అని.

మధ్యాహ్నం బాబాయ్ హుజూర్‌నగర్ మీదుగా స్కానర్ పట్టుకొని వచ్చారు. పి0302 చూపించింది. నేను అప్పటికే ఫోన్‌లో వెతికి పెట్టుకున్నాను. "రెండో కాయిల్ పోయింది బాబాయ్, కొత్తది ఆర్డర్ పెడదాం" అన్నాను.

"ఆ నంబర్ సిలిండర్‌ది రా, కారణానిది కాదు. నిన్న చెయ్యి ఎక్కడెక్కడ పెట్టినవో వరసగ చెప్పు."

మన సీఎస్ వాళ్లకి ఇది కొత్త కాదు. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ ఇవాళ నడవకపోతే ముందు చూసేది చివరగా మార్చిన లైన్లనే. మొన్నటిదాకా బాగున్న కాయిల్ సరిగ్గా ఆ రాత్రే పోవడం జరగొచ్చు. కానీ అనుమానించాల్సింది చివర్న. నేను ముట్టుకున్నవి చెప్పాను: ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని పక్క సన్న పైపు, నాలుగు కాయిళ్ల కనెక్టర్లు, నాలుగు ప్లగ్గులు. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు.

మొదట పానా అక్కర్లేని పనులు. పైపు ఊడితే లెక్కలో లేని గాలి లోపలికి పోయి మిస్సింగ్ వస్తుంది. పైపు సరిగ్గానే ఉంది. కనెక్టర్లు ఒక్కోటీ టక్‌మని కూర్చునేదాకా నొక్కాం. (ప్లగ్ వైర్లు ఉండే పాత బండ్లలో రెండు వైర్లు తారుమారైనా ఇదే గొడవ.) వణుకు తగ్గలేదు.

తర్వాత ఇంజిన్ ఆపి రెండో కాయిల్‌ని మూడో దానికి, మూడోదాన్ని రెండో దానికి మార్చాం. కోడ్ చెరిపి మళ్లీ స్టార్ట్ చేశాం. కోడ్ చెరపకపోతే పాతదేదో కొత్తదేదో తెలియదు. మళ్లీ పి0302 వచ్చింది. అంటే కాయిల్ మంచిదే. నా మాట విని ఉంటే డబ్బులు దండగ అయ్యేవి. కాయిళ్లు ఎక్కడివక్కడ పెట్టేశాం. ఇంజిన్ చల్లారేదాకా ఆగాం, ఎందుకంటే వేడి మీద ప్లగ్గు విప్పితే అల్యూమినియం హెడ్ మరలు పాడవుతాయి. ఈసారి రెండో ప్లగ్గుని నాలుగో దానితో మార్చాం. కోడ్ పి0304కి మారింది. తప్పు ప్లగ్గుతోపాటే నడిచింది.

రెండూ ఒకేసారి మార్చి ఉంటే తప్పు కాయిల్‌దో ప్లగ్గుదో తెలిసేది కాదు. ఒకసారికి ఒకటే మార్చాలి. ఇంకోటి, ఇంజిన్ నడుస్తుండగా కాయిళ్లు పీకి చూసే పద్ధతి జోలికి పోవద్దు. అక్కడ వేల వోల్టులుంటాయి.

ప్లగ్గు విప్పి చూస్తే గ్యాప్ దాదాపు మూసుకుపోయి ఉంది. బాబాయ్ నా వైపు చూశారు. అప్పుడు చెప్పాను. నిన్న అది చేతిలోంచి జారి సిమెంట్ నేల మీద పడింది. నాన్న అటు తిరిగి ఉన్నారు. చెప్తే "మెకానిక్‌కి ఇద్దాంలే" అంటారేమోనని, తుడిచి బిగించేశాను.

"గ్యాప్ సరిచేసి పెడదామా?" అన్నాను. బాబాయ్ వద్దన్నారు. కింద పడ్డ ప్లగ్గులో పింగాణీ లోపల సన్నగా చీలి ఉండొచ్చు. పైకి కనిపించదు, కానీ స్పార్క్ ఆ చీలికలోంచే పోతుంది. పాత ప్లగ్గులు పారేయలేదు కాబట్టి ఒకటి దాని చోట పెట్టాం. ముందు చేత్తో తిప్పి, మరలు సాఫీగా పట్టాకే పానా వేశాం. స్టార్ట్ చేస్తే వణుకు లేదు. కొత్త ప్లగ్గు మర్నాడు కొన్నాం.

సాయంత్రం నానమ్మ కంట్లో చుక్కలు వేయించుకొని, నాన్న భుజం పట్టుకొని బస్సు దిగింది. నాన్నకి ప్లగ్గు పడ్డ సంగతి చెప్పాను. తిడతారనుకున్నా.

"నిన్ననే చెప్తే పాత ప్లగ్గే పెట్టుకొని పోయేటోళ్లం కదరా" అన్నారు.