కుక్కపిల్లకు గడ్డ లేచింది: డాక్టరెప్పుడు, చట్టమెక్కడ?

టీకా వేసిన చోట చిన్న గడ్డ కట్టింది. కంగారు పడాలా?

అక్కర్లేదు. సూది దిగిన చోట బఠాణీ గింజంత గడ్డ మామూలే, చాలావరకు కొన్ని వారాల్లో కరిగిపోతుంది. నలపకండి. నెల దాటాక కూడా పెరుగుతున్నా, రెండు సెంటీమీటర్లు మించినా, మూడు నెలలకూ పోకపోయినా చూపించండి. టీకా వేసిన కొద్ది గంటల్లోనే మూతీ కళ్లూ ఉబ్బితే అది అలర్జీ. వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. వాంతులైనా, ఊపిరి ఆడకపోయినా, పిల్ల కూలబడినా నేరుగా ఆస్పత్రికే.

ఏ వాపులకు అసలు ఆగకూడదు?

మూతి వాపుకు. తేనెటీగ కుట్టినా ఉబ్బుతుంది, పాము కాటేసినా ఉబ్బుతుంది. పొలం గట్ల మీద తిరిగే పిల్లకు ఏది జరిగిందో తేల్చే పని మీరు పెట్టుకోకండి.

నాలుగు నెలల లోపు పిల్లల్లో ఇంకో జబ్బుంది. మూతి, కనురెప్పలు వాస్తాయి, దవడ కింద బిళ్లలు కడతాయి, చెవుల్లో చీము పడుతుంది. చూస్తే చీముగడ్డలానే ఉంటుంది గానీ తప్పు సూక్ష్మజీవులది కాదు, ఒంట్లోని రోగనిరోధక శక్తే తిరగబడుతుంది. అందుకే యాంటీబయాటిక్ ఒక్కటే ఇస్తే లొంగదు. డాక్టరు పరీక్షించి స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. ఆలస్యమైతే మొహాన మచ్చలు మిగులుతాయి, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు.

బొడ్డు దగ్గర మెత్తగా ఉబ్బి, నొక్కితే లోపలికి పోయేది హెర్నియా. చిన్నదైతే దానంతటదే మూసుకుపోవచ్చు, లేకుంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటే సరిచేస్తారు. అదే గట్టిపడి, నొప్పెట్టి, లోపలికి పోనంటే పేగు ఇరుక్కుని ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకండి.

కుర్ర కుక్కల్లో ఎర్రటి గుండీలా లేచే బుడిపె తరచూ రెండు మూడు నెలల్లో తనే రాలిపోతుంది. అయినా అది అదేనని చెప్పాల్సింది డాక్టరే. అన్నట్టు, ముందు వెంట్రుకలు పక్కకు తీసి చూడండి. గడ్డ అనుకున్నది పిడుదు కావచ్చు!

మందుల షాపులో అడిగి వాడొచ్చా? తెలిసినవాళ్లతో కోయించొచ్చా?

రెండూ వద్దు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన పశువైద్యులే వైద్యం చేయాలి. ప్రభుత్వం అనుమతించిన సహాయకులు చిన్న సేవలు చేయొచ్చు, అదీ డాక్టరు పర్యవేక్షణలోనే. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడగడంలో మొహమాటం అనవసరం. మనుషుల పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ మాత్రం సొంతంగా వేయకండి, కుక్కపిల్లకు విషమవుతాయి.

కొన్న వారానికే గడ్డ బయటపడింది. అమ్మినవారిని నిలదీయొచ్చా?

నిలదీయొచ్చు, కాగితం ఉంటే. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. డబ్బు వాపసు మాటకొస్తే దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌కు వెళ్లాలి. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. అక్కడ అసలు ప్రశ్న ఒక్కటే: ఆ లోపం అమ్మేనాటికే ఉందా? గడ్డ కనబడిన ఒకట్రెండు రోజుల్లోనే డాక్టరుకు చూపించి, గడ్డ ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లదై ఉండొచ్చో రాయించుకోండి. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. రసీదు ఇవ్వనివారి దగ్గర కొనకపోవడమే మేలని నా అభిప్రాయం. ఇంట్లో ఈనిన పిల్లను ఇచ్చిన పొరుగింటివారు మాత్రం వ్యాపారి కిందికి రాకపోవచ్చు.

పక్కింటివాళ్లు పిల్లకు వైద్యం చేయించడం లేదు. నేరమా?

1960 నాటి జంతు హింస నివారణ చట్టం 3వ సెక్షన్ జంతువుకు అనవసరపు బాధ కలగకుండా చూసే బాధ్యత దాన్ని పెంచేవారి మీదే పెట్టింది. 11వ సెక్షన్ కింద తొలిసారి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఇప్పుడది టీ ఖర్చు! కాబట్టి ముందు మాట్లాడి చూడండి, ఆస్పత్రికి తోడు వెళ్తామనండి. కదలకపోతేనే పోలీసులు.

వీధి కుక్కపిల్లకు గడ్డ ఉంటే?

ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే వీధి పిల్లల్లో చాలా గడ్డలు కాటు గాయాలు చీము పట్టినవే. కరిచిన కుక్క ఎలాంటిదో తెలియదు కాబట్టి రేబిస్ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఒట్టి చేతులతో ముట్టుకోకండి. పిల్ల పన్ను దిగినా, గోరు గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రిలో టీకా మొదలుపెట్టించుకోండి.