మింగేది కాదు, వెళ్లగక్కేది చూడండి

డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఖగోళశాస్త్రం చదువుతామంటూ మా ఇంటికొచ్చే పిల్లలకు చెప్పేవి ఇవీ.

1. కృష్ణబిలం గెలాక్సీని మింగేస్తుందన్న భయం ముందు వదిలేయండి. మన పాలపుంత నడిమధ్యన ఉన్నదాని బరువు సుమారు 40 లక్షల సూర్యులంత. పాలపుంత మొత్తం ముందు అది లెక్కలోకే రాదు. గెలాక్సీని శాసించేది ఆ ఆకర్షణ కాదు, అందులో పడబోయే వాయువు పడేముందు వెలువరించే శక్తి. హైడ్రోజన్ హీలియంగా మారితే ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. కృష్ణబిలం చుట్టూ సుడి తిరుగుతూ జారే వాయువు సుమారు 10 శాతం ఇవ్వగలదు. ఈ లెక్క నోటికొస్తే సగం పాఠం వచ్చినట్టే.

2. కనిపించాల్సి ఉండీ కనిపించనిదాన్ని పట్టుకోండి. పెర్సియస్ గెలాక్సీల గుంపు మనకు సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. దాని నిండా కోట్ల డిగ్రీల వేడి వాయువు ఎక్స్-రేలు వెదజల్లుతోంది. అలా వెదజల్లితే చల్లారాలి. చల్లారితే ఏటా వందల సూర్యులంత వాయువు నడిమి గెలాక్సీ ఎన్‌జీసీ 1275 మీదికి దిగి, నక్షత్రాలు కుప్పలుగా పుట్టాలి. అన్ని పుట్టడం లేదు. కారణం ఆ గెలాక్సీ మధ్యలోని కృష్ణబిలమే. దాని జెట్లు, అంటే దాని దగ్గర్నుంచి దూసుకొచ్చే ధారలు, వేడి వాయువులో పెద్ద పెద్ద బుడగలు ఊదాయి. చుట్టూ అలలు కూడా లేచాయని 2003లో ఆండ్రూ ఫేబియన్ బృందం చంద్ర ఎక్స్-రే టెలిస్కోపుతో చూసి చెప్పింది. అవి శబ్దతరంగాలట, ఒక్కో అలకూ దాదాపు కోటి సంవత్సరాలు. ఆ శ్రుతికి తంబురా ఎక్కడ దొరుకుతుంది!

ఇదంతా ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాట్ పని. వాయువు చల్లారితే కృష్ణబిలానికి మేత దొరికి జెట్ లేస్తుంది. జెట్ లేస్తే వాయువు వేడెక్కి మేత ఆగుతుంది.

3. అలాగని జెట్ ఎప్పుడూ నక్షత్రాలకు శత్రువేనని రాసేయకండి. ఎన్‌జీసీ 541 గెలాక్సీ జెట్ దారిలో ఉన్న ‘మింకోవ్‌స్కీ వస్తువు’ అనే చిన్న గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. ఆ జెట్ తాకిడికే.

4. లెక్క మరీ పెద్దదొచ్చిందని కొట్టేయకండి. ఒఫియుకస్ గెలాక్సీల గుంపులో వాయువు అంచు ఒకచోట వింతగా వంగి ఉందని 2016లో గమనించారు. జెట్ తవ్విన గుంత గోడేమో అనుకున్నారు గానీ, అంత గుంతకు కావలసిన శక్తి చూసి కాదనుకున్నారు. 2020లో మరో బృందం రేడియో పరిశీలనలు తెచ్చి పక్కన పెడితే, గుంత లోపలంతా రేడియో వెలుగే. అంటే అది జెట్ తవ్విన గుంతే, అంతకుముందు తెలిసిన అతిపెద్ద విస్ఫోటానికి అయిదు రెట్ల శక్తితో! ఆ రేడియో పరిశీలనల్లో పుణె దగ్గర ఖోదద్‌లోని మన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు చేసినవి కూడా ఉన్నాయి. 45 మీటర్ల డిష్‌లు 30 అక్కడ. పాత డేటా ఆర్కైవ్‌లో ఉంటుంది. సెలవుల్లో ఖాళీగా తిరిగే బదులు అడిగి తెచ్చుకోండి.