స్వచ్ఛంద సంఘములు – నిధులు, గ్రాంటులు: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

గ్రామమునందలి మహిళా మండలి, యువజన సంఘము, పఠన మందిరము వంటి స్వచ్ఛంద సంఘములు పంచాయతీకి కుడిభుజము వంటివి. వీని కార్యకర్తలు తరచు సభ్యుల యొద్దకు వచ్చి, గ్రాంటు లభించు మార్గము చెప్పుమని అడుగుచుందురు. గ్రాంటనగా ఒక నిర్ణీత కార్యమునకై షరతులతో అప్పగింపబడిన ధనము. ఆ షరతులను ముందుగా ఎరిగి సలహా చెప్పినచో సంఘములు చిక్కులలో పడకుండును.

1. రిజిస్ట్రేషను

ఉభయ తెలుగు రాష్ట్రములందును 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము అమలునందున్నది. కనీసము 7గురు సభ్యులు చేరి, ఆశయములను, నిబంధనలను వ్రాసికొని సంఘమును నమోదు చేయింపవలెను. పిమ్మట సంఘము పేరిటనే పాన్ కార్డును, బ్యాంకు ఖాతాను పొందవలెను. కేంద్ర ప్రభుత్వ గ్రాంటు కోరు సంఘము నీతి ఆయోగ్ వారి దర్పణ్ నందు కూడ నమోదు కావలెను.

2. స్వంత నిధి

సభ్యత్వ రుసుము, ఊరివారి చందాలు, పంటకాలమున రైతులిచ్చు ధాన్యము స్వల్పముగా కనబడినను, సంఘమునకు ఇవియే పునాది. ఆదాయపు పన్ను శాఖ ఆమోదము పొందిన సంఘమునకు చందా యిచ్చినచో, పాత పన్ను విధానము ననుసరించు దాతకు మినహాయింపు కలదు. 2,000 రూపాయలకు మించి నగదుగా నిచ్చిన చందాకు ఈ సౌకర్యము లేదు. కావున పెద్ద మొత్తములను చెక్కు ద్వారా స్వీకరించుట మేలు.

3. ప్రభుత్వ గ్రాంటు

శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అనేక సంఘములకు గ్రాంటులిచ్చెను. 2023లో ఆ మండలి మూతపడినది. గ్రాంటులిచ్చు సంస్థలు మారుచుండును గనుక సంఘము స్వంత నిధిని విడువరాదు.

కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి ఆర్థిక నిబంధనల ప్రకారము, గ్రాంటు పొందిన సంఘము ఆర్థిక సంవత్సరము ముగిసిన 12 నెలలలోగా వినియోగ ధ్రువపత్రము పంపవలెను. గ్రాంటుతో కొన్న ఆస్తిని అనుమతి లేక విక్రయింపరాదు.

ఒక మహిళా మండలికి కుట్టు శిక్షణకై 2,00,000 రూపాయలు వచ్చినవనుకొందము. యంత్రములకు 1,40,000 రూపాయలు వ్యయముకాగా, మిగిలిన 60,000 రూపాయలతో మండలి భవనపు కప్పు బాగుచేయించిరి. ఎవరును ఒక్క రూపాయి అపహరింపలేదు. కప్పు మరమ్మతు కూడ అవసరమే. అయినను మంజూరు ఉత్తరువునందు లేని వ్యయము గనుక ఆడిటులో ఆక్షేపణ వచ్చును. ఆ సొమ్ము తిరిగి చెల్లింపవలసి వచ్చును. తరువాతి వాయిదా ఆగును. శిక్షణ సగములో నిలిచిపోవును. ముందుగా ఉత్తరము వ్రాసి అనుమతి పొందియున్నచో ఈ నష్టము కలుగకుండెడిది.

4. కంపెనీల నిధులు

2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము, నికర విలువ 500 కోట్లు గాని, వ్యాపారపు మొత్తము 1,000 కోట్లు గాని, నికర లాభము 5 కోట్ల రూపాయలు గాని గల కంపెనీలు, గడచిన మూడేండ్ల సగటు నికర లాభములో 2 శాతమును సామాజిక కార్యములకు వినియోగింపవలెను. తాము పనిచేయు పరిసర ప్రాంతములకు ప్రాధాన్యమీయవలెనని చట్టమే చెప్పుచున్నది. సమీపమున కర్మాగారము గల గ్రామములు దీనిని గమనింపవలెను. అయితే ఇట్టి నిధిని పొందగోరు సంఘమునకు సాధారణముగా మూడేండ్ల అనుభవము ఉండవలెను.

5. విదేశ నిధులు

2010 నాటి చట్టము ప్రకారము కేంద్ర హోం శాఖ రిజిస్ట్రేషను గాని, ముందస్తు అనుమతి గాని లేక సంఘము విదేశ విరాళము స్వీకరింపరాదు. భారత పౌరసత్వము నిలుపుకొని విదేశమున నున్న గ్రామస్థుడు తన సంపాదన నుండి పంపిన ధనము విదేశ విరాళము కాదు. అచ్చటి పౌరసత్వము పొందినవాడు పంపినచో, అది విదేశ విరాళమే యగును. పంచాయతీ సభ్యులుగా ఎన్నికైనవారు విదేశ విరాళము స్వీకరించుటను కూడ ఈ చట్టము నిషేధించుచున్నది.

6. సభ్యుల కర్తవ్యము

రశీదు పుస్తకము, నగదు చిట్టా, మినిట్సు పుస్తకము, వస్తువుల రిజిస్టరు సక్రమముగా నున్నవో లేవో చూచిన పిమ్మటనే సిఫారసు చేయవలెను. పంచాయతీ సొమ్మును సంఘపు సొమ్ముతో కలుపరాదు. సభ్యుడు తానే సంఘమున పదవియందున్నచో, దానికి సహాయము చేయు తీర్మానముపై చర్చ జరుగునపుడు తొలగియుండుట న్యాయము. సంఘముల జమాఖర్చులను ఏటేట గ్రామసభలో చదివించినచో ప్రజలకు విశ్వాసము కలుగును. ఆ విశ్వాసమున్న సంఘమునకు ఊరివారి చందాయును, బయటి గ్రాంటును రెండును లభింపగలవు.